రెండో చరణం

ఇమాస్ పాత రికార్డుల అట్టలకి పట్టిన బూజు తుడుస్తుంటే, రేడియోలో మొగుడి గొంతు ఆమె అన్న మాటే అంది. "పది పాటల్లోనూ వాన కురుస్తుంది గానీ, ఆరేసిన బట్టలు తీయాలన్న కంగారు ఒక్కదాంట్లోనూ లేదు." కొత్తగా వచ్చిన కుర్రాళ్ల ఆల్బమ్ గురించి ఆ మాట. స్టూడియోలో పక్కన కూర్చున్న అమ్మాయి పకపకా నవ్వి, భలే పట్టుకున్నారండీ అంది. ఇమాస్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. బాండుంగ్ ఊళ్లో వానలకి చెప్పులకీ, చాపలకీ, గోడ మీది ఫోటోలకీ బూజు పడుతుంది. రికార్డుల అట్టలకైతే మరీనూ. వెనిగర్ కలిపిన నీళ్లలో గుడ్డ తడిపి, గట్టిగా పిండి, ఒక్కో అట్టా తుడిచి నీడపట్టున నిలబెట్టాలి. పెళ్లయినప్పటి నుంచీ ఆ పని ఆమెదే. ఆ పని మధ్యలో తన మాట తనకే వినపడితే, ముందు ఎక్కడో విన్న మాటలా ఉందే అనుకుంది. తర్వాత గుర్తొచ్చింది. మొన్న సోయా గింజల టెంపే ముక్కలు వేయిస్తూ అంది.

నమ్మకూడదని చాలా ప్రయత్నం చేసింది. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉన్నవాళ్ల మాటలు కలుస్తాయి, ఎవరిది ముందో ఎవరిది వెనకో చెప్పలేం అని సర్దిచెప్పుకుంది. కానీ అనుమానం ఒకసారి గడప దాటి లోపలికొస్తే కాళ్లు చాపుకుని కూర్చుంటుంది గానీ ఊరికే పోదు. మొగుడు గుమిలార్ తన జన్మలో దండెం మీది బట్ట తీసిన మనిషి కాదు. వాన మొదలైతే ఆయన చేసే పని ఒక్కటే, కిటికీ దగ్గర నిలబడి "ఇమాస్, వాన" అని కేకెయ్యడం. ఆ మనిషికి బట్టలు తీసే కంగారు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. పోయినేడాది ఓ ముసలి గాయకుడి ఆల్బమ్ గురించి, ఆయన గొంతు మర్నాటి మాంసం కూరలాంటిది, వండిన పూట కన్నా ఎక్కువ రుచి అని రేడియోలో చెప్పాడు. ఊరంతా మెచ్చుకుంది. తన పళ్లెంలో ఉన్నది నిన్నటిదో ఇవాళ్టిదో ఏనాడూ తెలియని మనిషి చెప్పిన మాట అది.

గుమిలార్‌ది జిల్లా ఆఫీసులో ఉద్యోగం. పేరు మాత్రం రేడియో వల్ల వచ్చింది. ప్రతి శనివారం పొద్దున్న పాత ఆల్బమ్‌లూ కొత్త ఆల్బమ్‌లూ విన్నవాళ్ల అభిప్రాయాలు చదివి, చివర్లో తన తీర్పు చెబుతాడు. ఆ తీర్పు కోసమే జనం రేడియో పెడతారు. అభిప్రాయాలు వందల్లో వస్తాయి. అన్నం ఉడికేలోగా వాటిని ఫోన్లో చదివి, చదవదగ్గవి ఏరి పంపేది ఇమాస్. పాతవే పాటలు, ఇప్పటివి గోల అని ఒకడు. పాతవి మా నాన్న వింటాడు, ఆయనకీ నిద్రొస్తుంది అని ఇంకొకడు. ఎవడి పెళ్లాం వెళ్లిపోయిందో, ఎవడికి ఉద్యోగం ఊడిందో ఆల్బమ్‌కి వాళ్లు వేసిన మార్కుల్లోనే తెలిసిపోతుంది. ఆడవాళ్లు రాసేది తక్కువ. రాసినా 'నాకు పెద్దగా తెలియదు గానీ' అని మొదలెడతారు. ఆ ముక్క కొట్టేసి మిగతాది పంపడం ఇమాస్ తనంతట తాను పెట్టుకున్న పని. ఒకామె, ఫలానా ఆల్బమ్ నేను రోట్లో మిరపకాయలు నూరేటప్పుడే పెట్టుకుంటాను, అప్పుడు కళ్లు తుడుచుకున్నా ఎవరూ ఎందుకని అడగరు అని రాసింది. దాన్ని అన్నిటికన్నా పైన పెట్టి పంపింది. గుమిలార్ చదవలేదు. ఇది సంగీతం గురించి కాదుగా అన్నాడు.

ఇమాస్ గుండెల్లో ముల్లులా గుచ్చుకున్నది రేడియో మాట కాదు. వంటింటి ముచ్చట. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే గుమిలార్ వంటింట్లో చిన్న బల్ల వేసుకుని కూర్చుంటాడు. ఫోన్లో కొత్త ఆల్బమ్ పెట్టి, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "ఎలా ఉంది?" అంటాడు. ఆమె ఉల్లిపాయలు తరుగుతూనో చేప తోముతూనో తోచింది చెబుతుంది. ఈ ఊళ్లో మొగుడు వంటింట్లో కూర్చుని పెళ్లాం మాట వినే ఇల్లు ఎన్ని ఉంటాయి? ఆడపడుచు తీతిన్ కుళ్లుకునేది కూడా దీనికే. "మా ఆయన వంటింటి గుమ్మం తొక్కితే మంచినీళ్లకే. నువ్వేం మందు పెట్టావే మా తమ్ముడికి?" అనేది. ఇమాస్ నవ్వి ఊరుకునేది. అత్తగారి ఎత్తిపొడుపులూ, పండక్కి చుట్టాలందరికీ ఒంటిచేత్తో వండటమూ, బూజు గుడ్డా, అన్నీ ఆ కాసేపు ముచ్చట కోసం భరించింది. అది ప్రేమ అనుకుంది. ఇప్పుడు అది ప్రేమా, పిండుకోవడమా అన్న ప్రశ్న పుట్టింది. ఆ ఒక్కటీ పోతే ఈ కాపురంలో తనకి మిగిలేది ఏమిటో ఆమెకి తెలియలేదు, అందుకే భయం వేసింది.

భయపడుతూనే కనిపెట్టడం మొదలెట్టింది. ఆయన "ఎలా ఉంది?" అనడమే గానీ తన అభిప్రాయం చెప్పడు. ఆమె చెప్పిన దాంట్లో ఏదైనా కొసమెరుపు తగిలితే వేరుశనక్కాయ ఒలవడం ఆపుతాడు. ఆపిన కాసేపటికి స్నానానికి లేస్తాడు. ఒకరోజు తువ్వాలు ఇవ్వడానికి వెళ్లి తలుపు దగ్గర నిలబడింది. లోపల చెంబుతో నీళ్లు పోసుకుంటూ గుమిలార్ ఆమె అన్న మాటనే వల్లె వేస్తున్నాడు. ఒకసారి గంభీరంగా, ఒకసారి నవ్వు కలిపి, ఒకసారి మధ్యలో ఆగి. పరీక్షకి పోయే పిల్లాడిలా. ఇమాస్‌కి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత తువ్వాలు తలుపు గొళ్లేనికి తగిలించి, వంటింట్లోకి వచ్చి, బల్ల కింద పడ్డ వేరుశనక్కాయ తొక్కలు ఊడ్చింది.

ఒకసారి అడిగింది కూడా. అడగడం అంటే, అడిగినట్టు కనపడకుండా. "ఆ వాన మాట నేను అన్నట్టుందే" అంది, పళ్లెంలో అన్నం వడ్డిస్తూ. గుమిలార్ తల ఎత్తకుండానే నవ్వాడు. "మన మధ్య నీదీ నాదీ ఏమిటి, ఇమాస్? కూరలో ఉప్పు ఎవరు వేశారని ఎవరైనా అడుగుతారా?" అన్నాడు. ఎవరూ అడగరు, నిజమే. ఉప్పు ఎక్కువైనప్పుడు మాత్రం అడుగుతారు. అది ఆమె పైకి అనలేదు. ఆ వారమే జోగ్జాలో చదువుకుంటున్న కూతురు ఫోన్ చేసింది. నాన్న అన్న ఆ బట్టల మాట మా కాలేజీలో అందరూ పంపుకుంటున్నారమ్మా, నాన్నకి ఇంత సున్నితత్వం ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు, ఆయన్ని తప్పుగా అనుకున్నాను అంది.  కూతురు తండ్రిని చూసి మురిసిపోతుంటే మధ్యలో పుల్ల పెట్టే తల్లి ఎలా అవుతుంది? అన్నం తిన్నావా అని అడిగి ఫోన్ పెట్టేసింది.

అలా ఉన్న రోజుల్లో సలినా అనే పాతకాలం గాయని ఆల్బమ్ మళ్లీ వస్తోందన్న కబురు వచ్చింది. పేరు 'పడమటి కిటికీ'. ఇమాస్ పుట్టక ముందటి ఆల్బమ్ అది. సలినా ఆ ఒక్కటీ పాడి మానేసింది. తీసిన కంపెనీ మూతపడింది, వారసులు కొట్టుకున్నారు. అందుకని అది ఫోన్లలో ఎక్కడా దొరకదు. పాత రికార్డులు కొందరి దగ్గర, పాత క్యాసెట్లు ఇంకొందరి దగ్గర మిగిలాయి. ఇప్పుడు ఆ గొడవలు తీరి కొత్త రికార్డు వేస్తున్నారు. దాగో రోడ్డు మీది కాఫీ దుకాణంలో ఆదివారం మధ్యాహ్నం అభిమానుల సభ. ముందు గుమిలార్ మాట్లాడాలి, తర్వాత అందరూ కలిసి రికార్డు వినాలి.

గుమిలార్ దగ్గర అసలు నాటి రికార్డే ఉంది. ప్లాస్టిక్ తొడుగు చింపకుండా, కొన్నది కొన్నట్టే. రికార్డులు దాచుకునేవాళ్లలో అదొక గొప్ప. విప్పనిది ఉన్నవాడికి విన్నవాడి కన్నా గౌరవం ఎక్కువ. ఆ తొడుగు మీది బూజు తుడిచేటప్పుడు గోరు తగలకూడదని ఇమాస్‌కి వందసార్లు చెప్పాడు. ఆమె దగ్గర ఉన్నది పుట్టింటి క్యాసెట్. నాన్న షేర్ వ్యాను నడిపేవాడు. వ్యానులో రోజంతా అదే పాడేది. ఒకరోజు మిషన్ రీలుని నమిలేసింది. నలిగిన ముక్క పనికిరాదని అమ్మ కత్తెరతో నాన్న కత్తిరించి, రెండు కొసలూ ఇమాస్ చేత పట్టించి, సన్నటి టేపుతో అతికాడు. పెన్సిల్‌తో తిప్పి బిగించాడు. పాట మళ్లీ పాడింది, మధ్యలో ఒక చరణం లేకుండా.

ఆ పాటలో ఒకామె మొగుడి కోసం ఎదురుచూస్తుంది. మొదటి చరణంలో కిటికీలో దీపం పెడుతుంది, నీళ్లు కాస్తుంది. ఆ వెంటనే టీ పోస్తుంది. ఇమాస్ ఇంట్లో అందరూ అలాగే పాడుకున్నారు. ఎంత ఓర్పో చూడు, ఒక్క మాట అడగలేదు అనేది అమ్మ. ఆ పాట వింటూనే ఇమాస్ పెద్దదైంది, అలాగే కాపురానికి వచ్చింది. పెళ్లయిన చాలా ఏళ్లకి చిమాహిలో ఎవరిదో పెళ్లి విందులో ఒక ముసలి పాటగత్తె ఆ పాట అందుకుంది. దీపానికీ టీకీ మధ్యలో ఇంకో చరణం వచ్చింది. అందులో ఆమె అడుగుతుంది. ఇన్నాళ్లూ ఎక్కడున్నావు, ఎవరి ఇంటి దీపం కింద కూర్చున్నావు, నా పేరు ఎక్కడైనా చెప్పావా అని అడుగుతుంది. పళ్లెం పట్టుకుని ఇమాస్ అక్కడే నిలబడిపోయింది. తనని చిన్నప్పటి నుంచీ ఎవరో మోసం చేసినట్టు అనిపించింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. పాపం నాన్న, పాట బాగుచేయాలనే కదా కత్తిరించాడు. ఆ సంగతి ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు.

సభకి వారం ముందు గుమిలార్ వంటింట్లో బల్ల వేసుకున్నాడు. ఆమె పుట్టింటి క్యాసెట్ పెట్టాడు. "నీ చిన్నప్పటి పాటలు కదా. ఎలా ఉంటుంది నీకు?" అన్నాడు. ఇమాస్ కొబ్బరి తురుముతోంది. చెయ్యి ఆగలేదు. "ఆ పాటలో గొప్పంతా ఆవిడ అడగకపోవడంలో ఉంది. దీపం పెట్టింది, టీ పోసింది. అడగాల్సింది అడక్కుండా మింగేసింది చూశారా, ఆ ఖాళీలోనే పాటంతా ఉంది" అంది. వేరుశనక్కాయ ఒలవడం ఆగింది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. ఎన్నో ఏళ్లు నిజంగా అలాగే అనుకుంది. చెప్పాల్సిన ఇంకో ముక్క చెప్పలేదు, అంతే.

అన్నాక మనసు ఊరుకోలేదు. ఆ మనిషి రికార్డు విప్పి ఒక్కసారి వింటే చాలు, రెండో చరణం వినపడుతుంది. వచ్చి, ఇదేమిటే, ఆవిడ అడుగుతోందిగా అంటాడు. అప్పుడు తన అనుమానమంతా తన పాడుబుద్ధే అని ఒప్పుకుని, ఆ వంటింటి ముచ్చటని మళ్లీ గుండెకి హత్తుకోవచ్చు. ఈ పరీక్షలో ఆయన నెగ్గాలనే ఆమె కోరుకుంది. ఆ వారమంతా అల్మరా వైపు చూస్తూనే ఉంది. తొడుగు చింపినట్టు ఎక్కడా జాడ లేదు. శుక్రవారం ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఏమండీ, ఎల్లుండి మాట్లాడాలి కదా. ఆ రికార్డు ఒకసారి విప్పి వినకూడదా?"

"విప్పితే దాని విలువ ఏం ఉంటుంది?" అన్నాడు గుమిలార్, అద్దంలో చూసుకుని తల దువ్వుకుంటూ. "అయినా నువ్వు విన్నావుగా. చాలు."

చాలు అన్నాడు. అదే మాట ఇంకెప్పుడైనా అని ఉంటే ఇమాస్ పొంగిపోయేది. ఆ పూట ఆమె అన్నం తినలేదు.

ఆదివారం సభకి అరటి బజ్జీలూ, కూరగాయల పకోడీలూ ఆమెవే. తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గరే. అల్లం, బెల్లం వేసి బండ్రెక్ కాచి పెద్ద పాత్రలో పోసింది. కాఫీ దుకాణం నిండిపోయింది. తెల్ల జుట్టువాళ్లు ముందు వరసలో, పచ్చబొట్ల పిల్లలు వెనకాల నేల మీద. అంతమంది ఒక పాత ఆల్బమ్ గురించి వాదించుకుంటుంటే ఇమాస్‌కి లోపల్లోపల సంతోషం వేసింది. ఫోన్లో పేర్లుగా తెలిసినవాళ్లు మనుషులుగా కనపడ్డారు. కానీ ఆమె చోటు వెనకాల, బజ్జీల బల్ల దగ్గర. సాయానికి వచ్చిన తీతిన్ ఆమె తొంగిచూడటం గమనించి, "నువ్వు వినేదేముంది మరదలా, రాత్రింబవళ్లు నీ చెవిలో గిన్నెల చప్పుడేగా. కప్పులు కడుగుదాం రా" అంది.

గుమిలార్ మైకు అందుకున్నాడు. గొంతు గంభీరంగా పెట్టి, మధ్యలో ఆగి, స్నానాల గదిలో సాధన చేసిన చోటల్లా చేయి తిప్పి, ఆమె మాటే చెప్పాడు. దీపం పెట్టింది, టీ పోసింది, అడగాల్సింది మింగేసింది, ఆ ఖాళీలోనే పాటంతా ఉంది. ఆ మీద సొంతంగా ఒక ముక్క కలిపాడు, అలాంటి ఆడవాళ్లు ఇవాళ లేరు, అందుకే అలాంటి పాటలూ లేవు అని. కొందరు చప్పట్లు కొట్టారు. ఇమాస్ చేతిలోని కప్పు కడిగి బోర్లించింది. ఆమెకి ఏడుపు రాలేదు. ఇన్నాళ్లూ అనుమానం అనుకున్నది ఇక అనుమానం కాదు.

ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. పేరు సుహార్తి అట, ఆ ఆల్బమ్ వచ్చిన ఏడాది పెళ్లయిందట. "బాబూ, ఆవిడ అడుగుతుందయ్యా" అంది మెల్లగా. "రెండో చరణమంతా అడగడమే. నేను మా ఆయన్ని ఆ చరణం పాడే నిలదీసేదాన్ని."

గుమిలార్ నవ్వి, మీకు వేరే పాట గుర్తున్నట్టుంది అన్నాడు. వాదన ఎందుకు, పెడితే పోలా అని దుకాణం యజమాని కొత్త రికార్డు తిప్పాడు. సలినా గొంతు వచ్చింది. దీపం పెట్టింది. నీళ్లు కాచింది. తర్వాత అడిగింది. ఎక్కడున్నావు అని, ఎవరి దీపం కింద అని, నా పేరు ఎక్కడైనా చెప్పావా అని, మూడుసార్లు, ఒక్కోసారి ఒక్కో మెట్టు పైకెక్కి అడిగింది. పెద్దావిడ కళ్లు మూసుకుని కూడా పాడింది. పాట అయ్యాక వెనకాల పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు మెల్లగా ముందు వరస దాకా పాకింది. ఈయన అసలు విన్నాడా అని ఒకరు పక్కవాడితో అన్నది అందరికీ వినపడింది.

గుమిలార్ ముఖం ఎర్రబడింది. మైకు మళ్లీ నోటి దగ్గరకి తీసుకున్నాడు. ఇన్నేళ్ల రేడియోలో ఆ నోట ఎప్పుడూ రాని పేరు అప్పుడొచ్చింది.

"అసలు ఆ మాట నాది కాదండీ. మా ఆవిడ ఇమాస్ చెప్పింది. అదిగో, వెనకాల ఉంది. వంటింట్లోంచి విన్న పాట కదా, ఏదో పొరబడింది" అన్నాడు నవ్వుతూ.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. తీతిన్ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇమాస్ నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంది. మనుషుల మధ్యలోంచి, సారీ, కాస్త కాలు తీయండి అని చెప్పుకుంటూ ముందుకి నడిచింది. గుమిలార్ సర్దిచెప్పమన్నట్టు కళ్లతో సైగ చేసి మైకు ఆమె చేతిలో పెట్టాడు. అది అనుకున్న దాని కన్నా బరువుగా ఉంది. ఆమె ముందు జనం వైపు చూసింది.

"ఈ తప్పు నాదేనండీ. చిన్నప్పుడు మా క్యాసెట్‌లో నలిగిన ముక్క మా నాన్న కత్తిరించాడు. నేను పెరిగిన పాటలో ఆవిడ అడగదు" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. 

"ఈ ఒక్క మాటా నాదని చెప్పారు, బాగుంది. మరి మిగతావన్నీ ఎవరివండీ?"